వెండి చామంతి, రాగి చామంతి

"జడకు కూడా చరిత్రేనా! నూనె రాసి దువ్వుకుంటే అయిపోయేదానికి..." అని నవ్వారు మావారు, నేను కాగితాలు ముందేసుకుని కూర్చోవడం చూసి. ఆయన నవ్వడంలో తప్పులేదు లెండి. బడిలో మనకు చెప్పిన చరిత్రలో కిరీటాలున్నాయి గాని జడలెక్కడున్నాయి? కానీ నిదానంగా ఆలోచించండి. కిరీటం పెట్టుకున్నవాళ్లు వందేళ్లకు నలుగురో అయిదుగురో. జడ వేసుకోని ఇల్లు ఏదైనా ఉందా?

మాది ఇబ్రహీంపట్నం. హైదరాబాదు పక్కనున్నది కాదు, బెజవాడ దగ్గర కృష్ణ ఒడ్డునున్నదీ కాదు. మెట్‌పల్లికీ కోరుట్లకీ దగ్గరిది. నేను పుట్టినప్పుడు అది కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. మా వైపు ఆడవాళ్ల చేతులు ఊరికే ఉండవు. అరుగుల మీద చేటలు ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే వేళ్లను చిన్నప్పటినుంచీ చూస్తూ పెరిగాను. చుట్టడం, మెలిపెట్టడం, కొస లోపలికి మడవడం మా ఊరి గాలిలోనే ఉంది. ఈ మాట ఎందుకు చెప్తున్నానో ముందుముందు మీకే తెలుస్తుంది.

సరే, జడ దగ్గరికి వద్దాం. పాత జడ నగ కోసం వెదకబోతే ఒక చిక్కు ఎదురవుతుంది. అది దొరకదు! కత్తులు దొరుకుతాయి, కుండలు దొరుకుతాయి, నాణేలు దొరుకుతాయి. మా జిల్లాలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహనుల మొదటి రాజు సిముకుడి నాణేలు దొరికాయి. రెండువేల ఏళ్లనాటి రాజుగారి పేరు అంత చిన్న లోహపు బిళ్ల మీద పదిలంగా ఉంది. మరి ఆ ఇంటి ఇల్లాలు జడలో పెట్టుకున్న బిళ్ల ఏమైంది? ఏమవుతుంది, కరిగిపోయి ఉంటుంది. మగవాళ్ల డబ్బు భూమిలో పాతిపెట్టినా ఒకనాటికి బయటపడుతుంది. మన సొమ్ములు మాత్రం కుంపట్లోకి పోతాయి. అత్తగారి వడ్డాణం కోడలి గాజులవుతుంది, ఆ గాజులు మనవరాలి గొలుసవుతాయి. వెండి వెండిగానే ఉంటుంది, దాని మొహం మాత్రం మారిపోతుంది.

అందుకే మన తలల చరిత్రను రాళ్లలోనూ మట్టిలోనూ చూసుకోవాలి. మెదక్ వైపు కొండాపురంలో 1941లో తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు తెల్లమట్టి బొమ్మలు బయటపడ్డాయి. వాటి సిగల ముస్తాబు చూస్తే ఈనాటి పెళ్లికూతురు కూడా ఒకసారి ఆగి చూస్తుంది. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడిలో నల్లరాతి మదనికలున్నారు కదా. 2021లో ఆ గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక జనం తండోపతండాలుగా వెళ్లి వాళ్ల నడుములూ నిలబడ్డ తీరూ చూసి మెచ్చుకుంటున్నారు. ఈసారి వెళ్తే కాస్త వెనక్కి తిరిగి కొప్పులు చూడండమ్మా. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కోసం పాత కావ్యాలన్నీ గాలించి జనం తిండీ బట్టా సొమ్ములూ ఆటలూ పోగుచేశారంటే, అదీ ఇందుకే. వస్తువు పోయినా మాట మిగులుతుంది.

మాట అంటే గుర్తొచ్చింది. మన జడ సామానుకు ఎన్ని పేర్లండీ! నడినెత్తిన రాగిడి, పాపిట్లో పాపటబిళ్ల, అటూ ఇటూ సూర్యుడూ చంద్రుడూ, చెవినుంచి జుట్టులోకి చెంపసరాలు, జడ మొదట్లో నాగరం, కింద చామంతి బిళ్ల, చివర జడకుప్పెలో జడగంటలో. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెరమీదుగా జడ బయటికి వేసి సవాలు చేస్తుంది గుర్తుందా? ఆ ఆటలో జడంటే పౌరుషం. అలాంటి సత్యభామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణశర్మ గారు మగవారు కావడం వేరే సంగతి. ఆ వేషాల నగలు చాలావరకు పొనికి కర్రతో చేసేవాళ్లు. మా వైపు చిందు యక్షగానంలోనూ అంతే. తేలికైన కొయ్య, దానిమీద రంగుకాగితాలూ అద్దాలూ. దీపాల వెలుతురులో చూసేవాళ్లకు అవి రత్నాలే.

మా అమ్మ జడ సామాను మాత్రం కొయ్యది కాదు, వెండిది. అందులోనూ పోతపోసిన వెండి కాదు, తీగపని. అమ్మ పెళ్లికి తాతయ్య కరీంనగర్‌లో పనిగట్టుకుని చేయించారట. రాగిడి, చామంతి బిళ్ల, రెండు కుప్పెలు. చామంతిని అరచేతిలో పెట్టుకుని దీపానికి ఎదురుగా పడితే రేకుల సందుల్లోంచి వెలుతురు కనబడేది. చిన్నప్పుడు అది నిజంగా పువ్వేమో, వెండిలో ముంచి తీశారేమో అనుకునేదాన్ని.

అది ఎలా చేస్తారో తర్వాత తెలుసుకున్నాను. ముందు మేలిమి వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తారు. ఆ కడ్డీని సాగగొట్టి కమ్మచ్చులో పెట్టి లాగుతారు. కమ్మచ్చు అంటే బెజ్జాల ఉక్కు పలక. ఒక్కో బెజ్జం అంతకు ముందుదానికన్నా సన్నం. పెద్ద బెజ్జంతో మొదలుపెట్టి ఒక్కొక్కటే దిగుతూ పోతే కడ్డీ కాస్తా వెంట్రుకను తలపించే తీగ అవుతుంది. మధ్యమధ్యలో దాన్ని కాల్చాలి. లాగినకొద్దీ వెండి బిరుసెక్కుతుంది, కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది. సన్నతీగలు రెంటిని పురిపెట్టి, అణచి, కాస్త లావు తీగతో కట్టిన చట్రంలో చుట్టలు చుట్టలుగా శ్రావణంతో కూరుస్తారు. పైన వెలిగారం, మాటుపొడి చల్లి, ఊదుగొట్టంతో మంట ఊదుతారు. ఒక్క లిప్త ఎక్కువైతే తీగంతా ముద్ద! తక్కువైతే అతకదు. ఊపిరి బిగబట్టి చేసే పని అంటాం చూడండి, ఇది ఊపిరి వదులుతూ చేసే పని. అదే ఇంకా కష్టం.

కరీంనగర్ పక్కనే మానేరు ఒడ్డున ఎలగందుల కోట ఉంది. నిజాం కాలంలో జిల్లాకే ఆ పేరుండేది. ఈ తీగపని పందొమ్మిదో శతాబ్దంలో అక్కడే వేళ్లూనుకుంది. 1905లో జిల్లా కచేరీ కరీంనగర్‌కు మారింది, పనివాళ్లూ క్రమంగా అటే చేరారు. కొలువెక్కడో అవుసులాయన అక్కడే కదా. నవాబుల ఇళ్లకు నెమలి ఆకారంలో అత్తరుదానులూ, పాన్‌దానులూ, పన్నీరు చల్లే గులాబ్‌దానులూ చేసిచ్చేవాళ్లు. 1956 దాకా మన హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్న బీదరులోనూ వెండి తీగ పనుంది గాని దాని తోవ వేరు, నల్లటి లోహంలో గాడి చెక్కి వెండిని అందులోకి కొట్టి కూరుస్తారు. ఒరిస్సాలో కటకం వాళ్ల తారకసి మన పనికి అక్కచెల్లెలు వరస. కరీంనగర్ తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంకెక్కడో చేసినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదన్నమాట.

1972లో వానలు మొహం చాటేశాయి. దేశంలో చాలాచోట్ల కరువే ఆ ఏడు. మా బావిలో నీళ్లు అడుగుకు పోయాయి, మోట తోలితే బొక్కెన సగం నిండేది కాదు. బాపు రెండుమూడు రాత్రులు వాకిట్లో అటూ ఇటూ తిరిగి, ఓ పొద్దున్నే అమ్మతో అన్నాడు.

"బాయి పూడిక దీసి, కరెంటు మోటరు వెట్టాలె. లేకుంటె ఏసిన నారు గూడ దక్కది."

అమ్మ ఏమీ అనలేదు. దూలానికి వేలాడే ఉట్టి సరిచేసి, లోపలికి వెళ్లి సందుగ తెరిచింది. కడియాలు, వడ్డాణం తీసి బాపు చేతికిచ్చింది. జడ సామాను మాత్రం వేరే మెత్తటి గుడ్డలో మూటకట్టి నడుము దగ్గర చెక్కుకుంది. నన్ను వెంట రమ్మంది. నాకు పద్నాలుగేళ్లు. ఆ మూట తనే ఎందుకు మోసుకొస్తోందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ అవుసులాయన మంచివాడే. కడియాలు తూచాడు, వడ్డాణం తూచాడు. చామంతి చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "మంచి పనితనం తల్లీ" అన్నాడు. అమ్మ మొహం విప్పారింది. ఆ తర్వాత మాట ఇది. "గని తీగపనిల మాటు జాస్తి ఉంటది. తరుగు తియ్యాలె."

చదివేవాళ్లు మీరూ ఆడవాళ్లే కాబట్టి ఆ మాట బరువు మీకు తెలుసు. అతుకు ఎన్నిచోట్ల పడితే మేలిమి వెండి పాలు అంత తగ్గుతుంది. తీగపనిలో అతుకులే వందల కొద్దీ. అంటే పని ఎంత సన్నదైతే, కరిగించేటప్పుడు దానికి అంత తక్కువ ధర! పైగా గాలి ఎక్కువ, తూకం తక్కువ. మొద్దు కడియానికి వచ్చినంత కూడా ఆ పువ్వుకు రాలేదు. అమ్మ బేరమాడలేదు. గుడ్డ మడిచి నడుములో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. ఖాళీ గుడ్డ.

మోటారు వచ్చింది. బావి దగ్గర మీట నొక్కితే నీళ్లు దబదబా పడుతుంటే ఊరు ఊరంతా చూడవచ్చింది. ఆ ఏడు కాకపోయినా పై ఏడు పొలం పండింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ నీళ్ల మీదే మా అన్నదమ్ములూ మేమూ చదువుకున్నాం. బాపు చేసింది తప్పని నేను ఇప్పటికీ అనలేను.

ఇక్కడ ఒకసారి దేశం దాటి వెళ్లొద్దాం. 2019లో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, ఫిలడెల్ఫియాలో యూనివర్సిటీ వాళ్ల మ్యూజియానికి తీసుకెళ్లింది. ఇరాక్‌లో ఊర్ అనే ప్రాచీన నగరం ఉండేది. లెనార్డ్ ఊలీ అనే ఆయన 1922 నుంచి పన్నెండేళ్లు అక్కడ తవ్వాడు. పువాబి అనే రాణి సమాధిలో దొరికిన తల సింగారం ఆ మ్యూజియంలో ఉంది. నాలుగున్నర వేల ఏళ్లనాటిది! తలచుట్టూ తిప్పిన బంగారు పట్టీలు, బంగారు ఆకుల దండలు, నెత్తి వెనక బంగారు పువ్వులతో నిలబడ్డ దువ్వెన, జుట్టులో చుట్టుకునే బంగారు తీగ చుట్టలు. వాటి మధ్య ఎర్రటి పూసలు. ఆ సమాధుల్లో దొరికిన ఎర్రరాతి పూసల్లో కొన్ని మన సింధు నాగరికత వైపునుంచి వెళ్లినవేనట. మన పూసలామె అంత దూరం నడిచిందన్నమాట!

అయితే నా కాళ్లు కదలనివ్వనిది రాణిగారి సొమ్ము కాదు. ఆ రాచసమాధుల్లోనే ఒక పెద్ద గోతిలో డెబ్బైనలుగురు పరిచారకులు, అందులో అరవై ఎనిమిదిమంది ఆడవాళ్లే, వరసగా పడి ఉన్నారు. యజమానితోపాటు ప్రాణాలు వదిలినవాళ్లు. వాళ్ల తలలకు బంగారు పట్టీలో వెండి పట్టీలో ఉన్నాయి. ఒక అమ్మాయి తలకు మాత్రం ఏమీ లేదు. ఆమె వెండి పట్టీ చుట్టగా చుట్టి నడుము దగ్గర దొరికింది. పాపం ఆలస్యమై ఉంటుంది, పెట్టుకునే వ్యవధి చిక్కలేదు అని ఊలీ రాశాడు. మిగతా ఆడవాళ్ల వెండి మట్టిలో తిని పోయింది. చుట్టగా ఉంది కాబట్టి ఆమెది నిలిచింది.

మా అమ్మాయి వెనకనుంచి "పద అమ్మా, ఇంకా చాలా గదులున్నాయి" అంటోంది. నేను ఒక గుడ్డమూట గురించి ఆలోచిస్తున్నాను.

మళ్లీ ఇంటికి వద్దాం. 1976లో అక్క పెళ్లి కుదిరింది. సరిగ్గా దానికి నెలరోజుల ముందు కరెంటు ఎక్కువా తక్కువా అయి మోటారు కాలింది. మా వైపు రైతు ఇళ్లలో "మోటరు కాలింది" అనే మాట ఎలా వినబడుతుందో చెప్పలేను, ఇంట్లో ఎవరికో జబ్బు చేసినట్టే. బాపు దాన్ని బండిమీద వేసుకుని వైండింగు దుకాణానికి తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను. మిస్త్రీ పాత చుట్టలను కాల్చి, లోపలినుంచి రాగి తీగ కట్టలు కట్టలుగా లాగి పడేస్తున్నాడు. నల్లగా మసిబారిన తీగ. ఒకటి తీసి వంచి చూశాను. పత్తి పోగులా వంగింది!

"ఏం జేస్తవ్ బిడ్డా దీన్ని?" అన్నాడు మిస్త్రీ. చారెడు తీగ, దానితోపాటు ఓ కాలిన ఫ్యాను చుట్టలోంచి సన్నతీగ కాస్త అడిగి తెచ్చుకున్నాను.

చింతపండూ బూడిదా వేసి తోమితే మసి పోయి, కొత్త బిందెలా మెరిసింది. లావు తీగను పెన్సిలుకు చుట్టి, జారదీసి, ఒక్కో చుట్టను రేకులా నొక్కాను. సన్నతీగతో మధ్యలో బిగించాను. అమ్మ చామంతికి పదహారు రేకులు. నాకు తెలుసు, ఎన్నిసార్లు లెక్కపెట్టానో. మొదటి పువ్వు విరిగిపోయింది. అటు వంచి, ఇటు వంచి, నచ్చక మళ్లీ వంచితే తీగ బిరుసెక్కి పుటుక్కుమంది. మిస్త్రీ దగ్గరికి వెళ్తే నవ్వి, "మళ్ల కాలవెట్టు, మెత్తవడ్తది" అన్నాడు. కమ్మచ్చు దగ్గర అవుసులాయన చేసేది కూడా అదేనని నాకు అప్పటికింకా తెలియదు. కుంపట్లో కాల్చి మళ్లీ మొదలుపెట్టాను.

రెండో పువ్వు చూడ్డానికి బాగానే వచ్చింది. అక్క జడలో పెట్టి తీసేసరికి పిల్ల కెవ్వుమంది. తీగ కొసలు బయటికి ఉన్నాయి, ఒక్కొక్కటీ నాలుగేసి వెంట్రుకలు పట్టుకుని పీకింది. మీలో ఎవరైనా ఇంట్లో ఇలాంటివి చేసుకునేవాళ్లుంటే ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. కొస ఎప్పుడూ లోపలికి మడిచి, దానిమీద ఇంకో చుట్టు చుట్టాలి. బీడీ చుట్టే మా పక్కింటి పెద్దమ్మ అది చూసి, తన గోరుతో ఒక్కో కొసా ఎలా లోపలికి నొక్కిందో! దారంతో బీడీ కొస కట్టినంత తేలిగ్గా.

పూసలకు పూసలామె ఉండనే ఉంది. వారానికోసారి నెత్తిన గంపతో వచ్చి పిన్నీసులూ సూదులూ దువ్వెనలూ పూసలూ ఇచ్చి, బదులుగా రాలిన వెంట్రుకలు తీసుకుపోయేది. దువ్వుకున్నప్పుడు రాలినదంతా అమ్మ ఉండచుట్టి గోడ గూట్లో దాచేది. ఆ వెంట్రుకలే ఎవరి సవరమో అవుతాయి. అలా అక్క జుట్టే ఇచ్చి అక్క జడకే పూసలు కొన్నాం. కింద గుచ్చుకోవడానికి రెండు కాళ్ల పిన్ను సరిపోయింది. స్లైడు పనికిరాలేదు. అన్నట్టు ఆ నొక్కుడు స్లైడు కూడా 1920లలో పడమటి దేశాల ఆడవాళ్లు జుట్టు కత్తిరించుకున్నప్పుడు వాళ్ల పొట్టి జుట్టు కోసం వాడుకలోకి వచ్చిందట. మోకాళ్లదాకా జడలున్న మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయింది చూడండి!

మూడో చిక్కు కొబ్బరినూనె. రెండు రోజులు జడలో ఉంచితే రాగికి పచ్చగా చిలుం పట్టింది. అక్కే ఉపాయం చెప్పింది, పైన రంగులేని గోళ్లరంగు పూయమని. పెళ్లి అయ్యేదాకా నిలబడింది, అంతే చాలు.

పెళ్లినాడు మల్లెమొగ్గల జడ మధ్యలో రాగి చామంతి ఎర్రగా మెరుస్తుంటే అమ్మలక్కలు చుట్టూ చేరారు. "ఇది గూడ కరీంనగరందేనా? ఎవరు చేసిన్రు?" అని ఒకామె అడిగింది. అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. పువ్వు మీద వేలు పెట్టి, ఒక్కో రేకూ తడుముతూ వెళ్లింది. పదహారూ అయ్యాక, "మా చిన్నది" అంది.

పోయిన బతుకమ్మకు అక్క ఇంటికి వెళ్లాను. తంగేడు, గునుగు తట్టలు వాకిట్లో ఉన్నాయి. అక్క మనవరాలు ఎక్కడినుంచో ఆ పువ్వు పట్టుకొచ్చింది. ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది, రెండు రేకులు లేవు. చరిత్ర చదివిన తెలివితో నేను గబగబా చెప్పాను. "దాన్ని తోమకండి. మ్యూజియంలో పాత వస్తువుల మీది చిలుం అలా తోమి పారెయ్యరు, అది దాని వయసుకు గుర్తు."

అక్క నావైపు ఒకసారి చూసింది. "తోమకుంటె పిల్ల ఎట్ల వెట్టుకుంటదే?" అని, చింతపండు నానవెయ్యడానికి లోపలికి వెళ్లింది.